కాకి ముట్టిన మాట

నేను కరీంనగర్ కాలేజీలో పీయూసీ చదివిన ఏడు మాకొక ఇంగ్లీషు విషాద నాటకం పాఠంగా ఉండేది. తమ్ముడు అన్నను చంపి గద్దె ఎక్కుతాడు. చచ్చిన అన్న దయ్యమై తన కొడుకుకు కనబడి మొరపెట్టుకుంటాడు. క్లాసంతా నోరు తెరుచుకుని వినేది. నాకు మాత్రం గద్దె మీది ఆ తమ్ముడిలో మా చిన్నబాపు మొహమే కనబడేది.

మాది మంథనిలో నేతపని ఇల్లు. ముందటి గదిలో బాపు మగ్గం, వెనక గదిలో ఆయన తమ్ముడిది. పసితనంలో తల్లి పోయిన చిన్నబాపును సాకింది నన్ను కన్న మా అవ్వే. ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టేదీ ఆమే. ఆయనకు జ్వరమొస్తే బాపు తన పని ఆపి ఆయన చీర నేసి పెట్టేవాడు. ఆయనా ఏనాడూ వదినకు ఎదురు మాట్లాడలేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నాడని మాకేం తెలుసు!

కాలేజీలో చేరడానికి ముందటేడు బాపు పోయాడు. మూడో రోజు గోదారి ఒడ్డున పిట్టకు పెట్టాం. మా దిక్కు అది పెద్ద పట్టింపు. విస్తట్లో అన్నం కాకి ముడితే పోయినవాడి మనసు నిమ్మళించినట్టు, ముట్టకపోతే ఏదో బెంగ మిగిలినట్టు. ఆ రోజు కాకులు చుట్టూ తిరిగాయి గానీ ఒక్కటీ వాలలేదు. బాపుకు ఇష్టమైన కల్లు పోశాం, బీడీ కట్ట పెట్టాం. చదువు మాననని నేను దండం పెట్టి చెప్పాను. అయినా రాలేదు. ఎండ ముదిరింది.

అప్పుడు చిన్నబాపు తడి పంచెతో విస్తరి ముందు కూలబడ్డాడు. "అన్నా, వదినె గురించి ఫికర్ చెయ్యకు. ముందటి అర్ర ఆమెదే, మగ్గం ఆమెదే. నేను బతికుండంగ ఎవ్వడు లేపడు" అని గొల్లుమన్నాడు. కాకి వాలి ముద్ద ఎత్తుకుంది. అందరం ఏడ్చాం. నేను ఆయన కాళ్లు మొక్కాను. ఆ కాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

దినాలయ్యాక, ఆచారం ప్రకారం, మా మేనమామ అవ్వనూ నన్నూ లక్సెట్టిపేటలో తన ఇంట్లో నిద్ర చేయించడానికి తీసుకుపోయాడు. మేం తిరిగొచ్చేసరికి ముందటి గదిలో మగ్గం లేదు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతను మన్నుతో పూడ్చి, పేడతో అలికించి, పైన ముగ్గు కూడా వేయించాడు చిన్నబాపు. చావు జరిగిన ఇంట్లో ముగ్గు! గడపలో కూర్చుని వక్క నములుతున్నాడు.

"గిదేందిరా తమ్మీ? గోదారొడ్డుకు మాటిచ్చినవు గదా" అంది అవ్వ.

"ఇచ్చిన వదినె. అన్న ముట్టిండు గదా! నిమ్మళంగ పోయిండు. మల్ల రాడు. గీ అర్ర కిరాయికిచ్చిన, జర నీ సామాన్లు తీసుకపో."

ఎప్పటిలాగే మెత్తగా, వదినె అనే పిలిచాడు. తిట్టినా ఇంత రోత పుట్టేది కాదు. అవ్వ ఆ ముగ్గు మీద కాసేపు నిలబడి, తన చీరల మూట ఎత్తుకుంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ పరాయి ఇళ్లలో కూలికి కండెలు చుట్టింది.

కాలేజీలో లెక్చరర్ ఆ నాటకం చెబుతూ, చచ్చినవాడు ఎందుకు తిరిగొచ్చాడని మమ్మల్ని అడిగాడు. అన్యాయం జరిగింది కాబట్టి అని ఎవరో అన్నారు. మా బాపు కూడా తిరిగొచ్చాడు. పిడికెడు అన్నం తిని, తమ్ముణ్ణి నమ్మి వెళ్లిపోయాడు.