పన్నెండు గంటల్లో రెండు వందల మిల్లీలీటర్లు

2012 మే నెలలో ఒక మధ్యాహ్నం పేషెంటు నాడి చూస్తూ నలభై దగ్గర లెక్క తప్పాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తప్పింది. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా నర్సును. సెలైన్ నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో కాగితం లేకుండా చెప్పడం సొంతంగా నేర్చుకున్నదాన్ని. అంత ఎండాకాలంలో వణుకు పుట్టింది. కుడి నడుము పక్కన పొడిచినట్టు నొప్పి.

జ్వరం 103. అల్ట్రాసౌండ్, యూరిన్ కల్చర్ చేశారు. "పైలోనెఫ్రైటిస్. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయింది. డ్యూటీలో ఎన్ని నీళ్లు తాగుతావమ్మా?" అన్నారు డాక్టరుగారు.

పన్నెండు గంటల డ్యూటీలో ఒక గ్లాసు. తాగితే వెళ్లాలి. ముప్పై రెండు మంచాలకు మేం ఇద్దరం. మా అంతస్తులో నర్సుల బాత్రూమ్‌ను సెలైన్ పెట్టెలతో నింపి తాళం వేశారు. పేషెంట్లు తాగిందీ పోసిందీ గంటగంటకూ చార్టులో రాసేది మాత్రం మేమే.

ఏడు రోజులు ఐవీ యాంటీబయాటిక్స్. డ్యూటీలో చేరిన ఐదో వారం మళ్లీ అదే జ్వరం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినైన్ ఒకటి దాకా ఉండాల్సింది 1.9. "ఇంకోసారి వస్తే కిడ్నీ దెబ్బతింటుంది. ఉద్యోగం గురించి ఆలోచించుకో," అన్నారు.

ఉద్యోగం మానలేను. తిరిగి వెళ్లేసరికి యాజమాన్యం నర్సులకు మనోధైర్యం క్లాసు పెట్టింది. "కళ్లు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోండి," అన్నాడు ట్రైనర్.

"సముద్రం వద్దు సార్," అంది నాతో డ్యూటీ చేసే రజియా. "జర బాత్రూమ్ తాళం తీపియ్యుండ్రి."

అందరూ నవ్వారు. నాకు అసహ్యం వేసింది. మమ్మల్ని ఎండబెట్టి, ఎండిపోయినందుకు మాకే పాఠం!

మర్నాటి నుంచి పేషెంట్ల చార్టు కాగితాల మీద మా అంతస్తులో షిఫ్టులన్నీ కలిపి ఆరుగురు నర్సుల పేర్లు రాసి, మేం తాగిందెంతో, ఎన్నిసార్లు వెళ్లామో వారం రోజులు నింపాం. నర్సింగ్ సూపరింటెండెంట్ చూసి, "ఇదేమిటి, అంకెలు తప్పు రాశారా?" అన్నారు.

"లేదు మేడం. పేషెంటుకు గిట్లుంటే డాక్టర్‌ను పిలువమంటరు మీరే," అంది రజియా.

పన్నెండు రోజులకు తాళం తీశారు. ముప్పై రెండు మంచాలకు మూడో నర్సును మాత్రం ఇంతవరకూ ఇవ్వలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమే.

ఇది 2014. నా క్రియాటినైన్ 0.9. జ్వరం మళ్లీ రాలేదు. మాకు ధైర్యమిచ్చింది క్లాసు కాదు, మేం పెట్టుకున్న వంతు: రెండు గంటలకోసారి పది నిమిషాలు, ఒకరు నీళ్లు తాగి బాత్రూమ్‌కు వెళ్లొచ్చేదాకా వాళ్ల మంచాలు ఇంకొకరు చూస్తాం. నర్సులుగా ఉన్న చెల్లెళ్లకు నా మాట ఒకటే: డ్యూటీ ఎక్కగానే ఈ వంతు ఖాయం చేసుకోండి. "అక్కా, ఇగ లే. నీ పదహారు మంచాలు నేను జూస్త," అని రజియా అంటే మొదట్లో ఇంకో సూది వేసి వెళ్తాననేదాన్ని. మీరు అలా అనకండి. మొదటి మాటకే లేవండి.