సరళ వాళ్ళ సీడీలో మా చిట్టి

చిట్టీ, ఈరోజు అటక సర్దుతుంటే నీ పుట్టినరోజు వీడియో క్యాసెట్ కనిపించిందే. దాని మీద మళ్ళీ ఏదీ రికార్డు కాకూడదని మూలనున్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టాం. నువ్వేమో ఆ చిల్లుకి ప్లాస్టర్ అంటించి, టీవీలో వచ్చే పాటలన్నీ ఎక్కించేశావు.

ఇది చదువుతున్న మీకు గుర్తుందా, అప్పట్లో క్యాసెట్‌ని సీడీలోకి ఎక్కించాలంటే అది మొత్తం ఆడేదాకా కదలకుండా కూర్చోవాలి? నా చిట్టి జ్వరంతో చనిపోయిన ఏడాదే, తిరువూరులో మా తోడికోడలు సరళ తన కూతురి ఓణీల ఫంక్షన్ క్యాసెట్ ఇంట్లో అలా ఎక్కిస్తుంటే నేనూ కూర్చున్నాను. అందులో చిట్టి కనిపించింది. సరళ అన్నం కలిపి దాని నోట్లో పెడుతోంది.

"పిన్నీ, ఇంకో ముద్ద!"

"మీ అమ్మ పెట్టట్లేదేంటే నీకు?"

"అమ్మ పప్పు ఉత్త కారం!"

టీవీలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా క్యాసెట్‌లో పాటలు మిగిలాయి, సరళ క్యాసెట్‌లో నా బిడ్డ గొంతు మిగిలింది.

"అక్కా, నీకూ ఒక సీడీ తీశాను" అని సరళే నా చేతిలో పెట్టింది. ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు చిట్టి కంటే ముందు ఆ ముద్ద పెట్టే చేతి మీదకే పోతాయి. అది నా చెయ్యి కావాల్సింది.

ఇది చదివి బాధపడుతూ కూర్చోకండి. వేళకి కడుపునిండా అన్నం తినండి.