ఆయ్ అనే పిల్ల

“పిల్ల ఒప్పుకుందమ్మా. అత్తతో వెళ్తావా అంటే నీ ముందే కదా ఆయ్ అంది,” అంది మా నాయనమ్మ.

“అది ఎప్పుడు కాదందండీ? మీరేం అడిగినా ఆయ్ అనే అంటుంది. అది ఒప్పుకోడం కాదండి అత్తయ్యగారూ,” అంది మా అమ్మ.

“అయితే నేను చెవిటిదాన్నన్నమాట.”

“మీ చెవులకేం లోటండి. చూడాల్సింది దాని కాళ్ళనండి.”

నా చిన్నప్పుడు, ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉండగా, అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో, వంటింటి గుమ్మంలో జరిగిన తగువు ఇది. ద్రాక్షారామం నుంచి మా మేనత్త వచ్చింది. ఆవిడకి పిల్లలు లేరు. నన్ను పెంచుకుంటానని అడిగింది. నేను చెప్పిన మాట వింటాను, పెట్టింది తింటాను, నోరెత్తను. అలాంటి పిల్ల ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుందని మా నాయనమ్మ ఉద్దేశం. మా నాన్నగారు అరుగు మీద కొబ్బరితాడు పేనుతూ కూర్చున్నారు గాని ఇటూ అనలేదు, అటూ అనలేదు.

మా వైపు అవుననడానికీ ఆయ్ అనే అంటాం, మీరు చెప్పింది వింటున్నానండి అనడానికీ ఆయ్ అనే అంటాం. పెద్దవాళ్ళు పలకరించినప్పుడు ఆ మాట అనకపోతే నాయనమ్మ నెత్తిన మొట్టేది. మొట్టికాయలకి భయపడి నేర్చుకున్న మాట కాబట్టి ఎక్కడ పడితే అక్కడ వాడేసేదాన్ని.

మా అమ్మ ఆవేళ మేనత్తకి నా సంగతులన్నీ చెప్పుకొచ్చింది. ఇష్టమైనదానికి నేను ఆయ్ అననట, లేచి పరిగెడతానట. ఇష్టం లేకపోతేనే ఆయ్ అని, కాలి బొటనవేలితో నేల గీరుతానట. కోపమొస్తే ఏడవనట, కోళ్ళగూడు ముందు కూర్చుని కోళ్ళని తిడతానట. వంకాయ ముక్క వస్తే కిక్కురుమనకుండా మింగేసి, తరవాత పెరట్లోకి పోయి నోరు పుక్కిలిస్తానట. చెబుతూ చెబుతూ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అవన్నీ మా అమ్మ చూస్తోందని నాకు అంతవరకూ తెలియదు.

చివరికి నన్ను పిలిచింది.

“ఏమే, నిన్ను తీసుకెళ్ళి కాలవలో వదిలేసి వస్తాను. వస్తావా?”

“ఆయ్,” అన్నాను.

మేనత్త నవ్వబోయి ఆగిపోయింది. నా కాళ్ళవైపు చూసింది. “దీన్ని తీసుకెళ్ళను లేమ్మా,” అంది.

అంతలో నాలుగేళ్ళ మా చెల్లి వచ్చి మేనత్త కుచ్చెళ్ళు పట్టుకుంది. “అత్తా, నేనొస్తా. నేను పడవెక్కుతా,” అంటూ గెంతింది.

“చూశావా అమ్మా, ఇది ఆయ్ అనలేదు. కాళ్ళు కూడా చూసుకో,” అంది నాయనమ్మ.

మా అమ్మ మాటే మా అమ్మకి అడ్డం వచ్చింది. “అది పడవ కోసమండి,” అని గొణిగింది గాని ఎవరూ వినిపించుకోలేదు. మా నాన్నగారు అప్పుడు నోరు విప్పారు. “పరాయి చోటేం కాదు కదా, మా అక్క దగ్గరేగా,” అన్నారు.

ఇప్పుడు నేనే నాయనమ్మని. చదివింది మూడో తరగతి. పిల్లల్ని ముద్దు చేసే అలవాటు నాకు లేదు, అన్నం పారేస్తే తిడతాను. అయినా ఒక్క సంగతి మాత్రం వదలను. మొన్న మా మనవరాలిని కాకినాడ హాస్టల్లో వేస్తామంటే ఎగిరి గంతేసింది. “చూడమ్మా, దానికెంత సరదాగా ఉందో,” అన్నాడు మావాడు. నేను దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ జ్వరమొస్తే మీ అమ్మ ఉండదు, తెలుసా అని అడిగాను. అది ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పేదాకా ఫీజు కట్టనివ్వను. రానన్న పిల్లని ఎలాగూ అడుగుతాం, వస్తానన్న పిల్లనే ఇంకోసారి అడగాలి. మా చెల్లిని ఎవరూ అడగలేదు.

ఆ తగువు జరిగిన మర్నాడు పొద్దున్నే ముక్తేశ్వరం రేవుకి బండి కట్టారు. చెల్లి అందరికంటే ముందు ఎక్కి కూర్చుని, పడవ ఎంత పెద్దదని అడుగుతూనే ఉంది. బండి వెళ్ళాక మా అమ్మ లోపలికొచ్చి ఎప్పటిలాగే రెండు కంచాల్లో చద్దన్నం పెట్టింది. ఒక కంచంలోది తీసి మళ్ళీ కుండలో వేసింది.