తీసెయ్యమన్న అధ్యాయం

నేపర్‌విల్‌లో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మిషనరీగా అల్బేనియా వెళ్ళి అక్కడ ఆడపిల్లల బడి నడిపిందట. 1970ల చివర్లో ఆ దేశ చరిత్ర రాస్తూ, చేతులు వణుకుతున్నాయని టైప్ చెయ్యడానికి నన్ను పిలిచింది. మా ఆయన షికాగో ట్రైన్‌కి వెళ్ళగానే నేను కిందికి దిగేదాన్ని.

అందులో నాకు బాగా నచ్చింది ఒక ముస్లిం కుటుంబం గురించిన అధ్యాయం. ఇటలీ సైన్యం వచ్చినప్పుడు ఈవిడ టైఫాయిడ్‌తో మంచాన పడి ఉంది. ఆ కుటుంబం వాళ్ళు తమ ఇంట్లో పెట్టుకుని గంజి తాగించారు. సైనికులు తలుపు కొడితే ఇంటాయన గుమ్మానికి అడ్డంగా నిలబడి, "లోపలున్నది మా చెల్లెలు" అన్నాడట.

పుస్తకం వేస్తామన్న చర్చి పెద్ద ఒకాయన వచ్చి ఆ కాగితాలు పక్కన పడేశాడు.

"ఇది తీసెయ్యండి. మనం వెళ్ళకముందు అక్కడంతా చీకటి. చదివేవాళ్ళకి తెలియాల్సింది అదీ." నా వైపు తిరిగాడు. "ఈ అమ్మాయిని అడగండి. వాళ్ళ దేశమూ అంతేగా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా దేశం మీరెప్పుడు చూశారు?" అన్నాను. ఆయన నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "నేను చావకుండా ఉన్నది ఆ ఇంటివాళ్ళ వల్ల. నా కాగితాలు నాకిచ్చి వెళ్ళు."

"ఇంకెవరూ వెయ్యరు."

"వెయ్యక్కర్లేదు!"

ఎవరూ వెయ్యలేదు కూడా. లైబ్రరీలో జిరాక్స్ తీసి, దారంతో కుట్టి, డెట్రాయిట్‌లో ఉన్న అల్బేనియా వాళ్ళకి పంపాం. అప్పటికి వాళ్ళ దేశంలో కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్ళు చర్చిలూ మసీదులూ అన్నీ మూసేశారు. తన బడి ఉందో లేదో కూడా ఆవిడకి తెలీదు. తెలియకుండానే పోయింది.

అంత్యక్రియల్లో మాట్లాడింది మళ్ళీ ఆ చర్చి పెద్దమనిషే. "దయాదాక్షిణ్యాలు తెలియని జనానికి ఈమె వెలుగు చూపింది" అన్నాడు.

లేచి నిలబడ్డాను. "అబద్ధం! ఆవిడ అలా రాయలేదు. టైప్ చేసింది నేను" అని, ఆ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయన నా చీర కొంగు పట్టుకుని లాగుతున్నాడు. పెద్దమనిషి ఆర్గన్ వాయించేవాడికి చెయ్యి ఊపాడు. ఆర్గన్ మోగింది. అందరూ పాట అందుకున్నారు. నా మాట నాకే వినబడలేదు.

కార్‌లో మా ఆయన, "అంతమందిలో నీకది అవసరమా?" అన్నాడు.

"కారు ఆపండి" అన్నాను.

దిగి, మంచులో ఇంటిదాకా నడిచాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.