కప్ప కారుకి పెద్ద ఇంజను

నిన్న సాయంత్రం ఎదుర్లంక వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. నా ముందు ఎల్ బోర్డు పెట్టుకున్న కారొకటి ఎత్తు మీద నిలవలేక వెనక్కి జారుతూ, ముందుకి ఎగురుతూ నానా అవస్థా పడుతోంది. కాసేపటికి కిటికీలోంచి మాడు వాసన వచ్చింది. క్లచ్చి కాలుతున్న వాసన. వెనకవాళ్ళు విసుగ్గా హారన్లు కొడుతున్నారు. నేను మాత్రం ఆ వాసన పీలుస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్క సీట్లో ఎవరో పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మాడనియ్యమ్మా, క్లచ్చి ప్లేటు కొట్లో దొరుకుతుంది, ధైర్యం దొరకదు" అంటున్నట్టే ఉంది. ఆ మాట నాతో చాలాసార్లు అన్న మనిషి సువార్తమ్మ గారు.

నేను సైన్సు టీచరుగా మొదట చేరిన బడికి ఆవిడ హెడ్మాస్టరు. అమలాపురంలో మా వీధిలోనే ఉండేవారు. తాతగారు పాలేరుగా బతికిన మనిషి, తండ్రి మిషను బళ్ళో పంతులు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన నేతచీర, చేతికి మగవాళ్ళ వాచీ. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక వరసల్లో వాళ్ళు తాము పాడటం మానేసి వినేవారు. అలాంటి మనిషి రిటైరయ్యే ఏడాది, తాటిపాక నుంచి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర స్పోర్ట్సు కారు కొన్నారు. ఆకుపచ్చ రంగు, రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి కరుచుకుపోయినట్టుండే ఎత్తు. పైకప్పు మడిచి వెనక్కి తోసెయ్యొచ్చు. అప్పటికే దేశమంతా తిరిగి అలిసిపోయిన బండి. బడి పిల్లలు దానికి కప్ప కారు అని పేరు పెట్టారు. ఆవిడకి తెలిసి, "బాగుందర్రా, నిజంగానే కప్పలా ఉంది" అన్నారు.

స్టాఫ్ రూములో డ్రాయింగు మాస్టారు ఉండబట్టలేక అడిగేశారు. "ఇద్దరే పట్టే కారు దేనికండీ మేడంగారూ?"

"ఇష్టమండి" అన్నారావిడ. అంతే. ఆ మాటకి ముందు గానీ వెనక గానీ ఇంకేమీ చేర్చలేదు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా నాన్నది ఐ.పోలవరం వైపు పడవల పని. మా ఇంట్లో ఏది కావాలన్నా ముందు అవసరమని ఒప్పించాలి. చెప్పులు తెగితే కొత్తవి వచ్చేవి, నచ్చితే వచ్చేవి కావు. రంగు రిబ్బను కావాలంటే బళ్ళో తెమ్మన్నారని చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక మావారు మంచివారు, దేనికైనా "నీ ఇష్టం" అంటారు. ఆ మాట వింటే నాకు ఇంకా భయం వేసేది. నా ఇష్టం ఏమిటో వెతుక్కోవడం నాకు రాదు మరి.

ఆవిడ రిటైరైన కొంతకాలానికి కప్ప కారు నీలంగా పొగ వదలడం మొదలెట్టింది. పెట్రోలుతో పాటు ఇంజను ఆయిలు కూడా తాగేది. వంతెన ఎక్కాలంటే రొప్పేది. కాకినాడ నుంచి ఖాదర్ అనే మెకానిక్ వచ్చి చూశాడు. "ఇంజను బోరుకొచ్చేసిందండి మేడంగారూ. లోపల సిలిండర్లు అరిగిపోయినియ్యండి. బోరు చేయించి ఇదే ఇంజను నడుపుకోవచ్చండి. లేదంటే ఇదే కంపెనీది పెద్ద ఇంజనొకటుందండి, దీంట్లో చక్కగా కూర్చుంటాది. అది పెట్టేరంటే ఇంక మీ బండిని పట్టుకునేవోడు ఉండడండి" అన్నాడు.

ఆ ఆదివారం రాజమండ్రి నుంచి ఆవిడ తమ్ముడు ప్రకాశరావు గారు వచ్చారు. వరండాలో టీ తాగుతూ ఇంజను సంగతి విని తల పట్టుకున్నారు. "అమ్మేసెయ్ అక్కా. అరవై దాటేక ఈ పరుగులెందుకు నీకు? బుద్ధిగా ఓ చిన్న కారు కొనుక్కో. చర్చికీ బజారుకీ సరిపోద్ది."

"ఏది సరిపోతుందో నాకు తెలుసురా. నాకేం కావాలో ఆలోచించుకుంటున్నాను" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు పద్మా?"

"బోరు చేయిస్తే చాలేమోనండి. పెద్ద ఇంజను అవసరమంటారా?" అన్నాను.

"నువ్వు మా తమ్ముడికి చెల్లెలివి" అని నవ్వేశారు.

మరో వారానికి నన్ను ఎక్కించుకుని కాకినాడ వెళ్ళారు. ఖాదర్ షెడ్డులో అలాంటి కారే ఒకటి ఉంది, పెద్ద ఇంజను పెట్టింది. ఖాదర్ దాని యజమానికి ఫోను చేసి అడిగి, సువార్తమ్మ గారిని ఎక్కించుకుని బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాడు. నేను షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ ముడి ఊడిపోయి నెరిసిన జుట్టంతా ముఖం మీద పడి ఉంది. పమిట మెడకి చుట్టుకుపోయింది. బళ్ళో అన్నేళ్ళు ఆవిడ కింద పనిచేసినా అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కారు దిగుతూనే మాత్రం మళ్ళీ హెడ్మాస్టరైపోయారు.

"ఆపడానికి ఏం చేస్తావు ఖాదర్?"

"బ్రేకులున్నాయి కదండీ."

"నా బండిలోవి చిన్న ఇంజనుకి పెట్టిన బ్రేకులు. ఇంత వేగం ఇచ్చేటప్పుడు అంత గట్టిగా ఆపేవి కూడా ఇవ్వాలి. క్లచ్చి కూడా తట్టుకోవాలి. అన్నీ చూసుకుని చెప్పు, ఒక్క ఇంజను సంగతి చెప్పకు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు ఖాదర్.

తిరుగు దారిలో రామచంద్రపురం బస్టాండు దగ్గర కారు ఆపారు. టీకి ఆపారేమో అనుకున్నాను. కానీ దిగలేదు. ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను కంగారుపడితే, "ఏం లేదమ్మా. డాక్టరు ఎప్పుడో చెప్పేరు, ఇంక క్లచ్చి తొక్కకూడదని. నేనే వినట్లేదు" అన్నారు.

"మరి పెద్ద ఇంజను ఎందుకండీ?" అని అడిగేశాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

ఆవిడ కోప్పడలేదు. బస్సుల్లోంచి దిగుతున్న కాలేజీ పిల్లల్ని చూస్తున్నారు. "అందులో కూర్చోవాలని ఉంది పద్మా. ఎవరు నడిపినా సరే. గాలి అలా ముఖానికి కొట్టాలని ఉంది" అన్నారు. తర్వాత, "నీ ప్రమోషన్ ఏం చేశావు?" అని అడిగారు.

అప్పుడే నాకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. ఐ.పోలవరం వైపు హైస్కూలు, రెండు బస్సులు మారాలి. వదులుకుంటున్నానని అందరికీ చెప్పేశాను, కాగితం మీద రాసివ్వడానికి మాత్రం ఇంకా గడువుంది. కారణం బస్సులు కావని ఆవిడకి తెలుసు. ఒక బడిని చేతిలోకి తీసుకోవడమంటే నాకు భయం.

"కారు నేర్చుకుంటావా?"

"నేనాండీ?"

"ఈ పాత ఇంజను మీదే నేర్చుకో. అరిగిపోయింది, నువ్వేం చేసినా ఏమీ అనుకోదు. నువ్వు నేర్చుకున్నాకే ఏ ఇంజనో తేల్చుకుందాం."

అలా ఆవిడ కారు భవిష్యత్తు నా కాళ్ళ కింద పడింది. ఉదయాన్నే కాలవగట్టు రోడ్డు మీద పాఠాలు. ఎన్నిసార్లు ఆగిపోయిందో, ఎన్ని క్లచ్చి వాసనలు పీల్చామో! ప్రకాశరావు గారు ఒకసారి వచ్చి చూసి, ప్రార్థన చేసుకుని వెళ్ళారు. ఒకనాడు మలుపులో కొబ్బరికాయల లారీ ఎదురొచ్చింది. ఒక పక్క కాలవ, ఒక పక్క చెట్లు. లారీ వెనక్కి వెళ్ళలేదు. నేను సువార్తమ్మ గారి వైపు చూశాను. ఆవిడ కాలవలో బాతుల్ని చూస్తున్నారు, ఇక్కడ జరిగేదానితో తనకి సంబంధం లేనట్టు. తిట్టుకుంటూ, వెనక్కి చూసుకుంటూ ఒక ఇంటి గుమ్మందాకా కారుని తీసుకెళ్ళాను. లారీ వెళ్ళిపోయింది. డ్రైవరు చెయ్యి ఊపాడు. ఇంజను ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను.

అప్పుడడిగారావిడ. "ఇప్పుడు చెప్పు. బోరా, పెద్ద ఇంజనా?"

"పెద్దదేనండి."

"ఎందుకు?"

కారణాలు వెతికాను. హైవే మీద మంచిదనో, వంతెనలు ఎక్కుతుందనో అనబోయాను. నోట్లోంచి మాత్రం "నాక్కావాలనిపిస్తోందండి" అని వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, ఎందుకో.

ఆవిడ ఖాదర్‌కి అక్కడినుంచే ఫోను చేశారు.

కొత్త ఇంజను, దానికి తగ్గ బ్రేకులు, క్లచ్చి పెట్టించి, రవాణా ఆఫీసులో ఆర్సీ మార్పించేసరికి వర్షాలు వెళ్ళిపోయాయి. ఒక ఆదివారం పొద్దున్నే, చర్చి వేళకి ముందు, రాజోలు దాటి దిండి మీదుగా చించినాడ వంతెన వైపు బయలుదేరాం. రోడ్డు ఖాళీగా ఉంది. ఆవిడ ముడి విప్పేసుకుని, "ఇంక తొక్కమ్మా" అన్నారు. తొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. కింద గోదావరి ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియలేదు. వంతెన దాటాక మెల్లగా ఆపి చూస్తే, ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు. "గాలికమ్మా" అన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ సోమవారం వెళ్ళి ప్రమోషన్ తీసుకుంటున్నానని రాసిచ్చాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు అలా తిరిగాం. నడవలేని స్థితి వచ్చాక కూడా నేనూ మావారూ పట్టుకుని కార్లో కూర్చోబెడితే, సీటు బెల్టు తనే పెట్టుకునేవారు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. కారు తమ్ముడిగారికి వెళ్ళింది. అమ్మేస్తారనుకున్నాను. ఆయన దాన్ని ఆదివారం ఆదివారం చర్చికి, ఎడ్లబండి వేగంతో, పైకప్పు తీసి నడుపుకుంటూ వెళుతున్నారట. "అక్క చూస్తే తిడుతుందండి, ఇంత నెమ్మదేంట్రా అని" అన్నారు ఫోనులో.

నాది ఇప్పుడు మామూలు చిన్న కారు. మా బడికీ ఇంటికీ సరిపోతుంది, నాకూ ఇష్టమే. ఆవిడ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నానని అందరితో చెబుతాను గానీ, నేర్చుకున్నది అదొక్కటే కాదు. ఈమధ్య మా లెక్కల టీచరు సత్యవతి గారు సెలవు అడగడానికి వచ్చారు. యాభై ఏళ్ళ మనిషి. అత్తగారికి ఒంట్లో బాగోలేదని, విశాఖపట్నం పెద్ద డాక్టరుకి చూపించాలని మొదలెట్టారు. వాళ్ళ అత్తగారు ముందురోజే బజారులో చేపల బేరం గట్టిగా ఆడుతూ నాకు కనబడ్డారు. నేను పెన్ను కింద పెట్టాను.

"విశాఖపట్నంలో ఏముందండీ?" అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "క్రికెట్ మ్యాచ్ అండి. చిన్నప్పటినుంచీ టీవీలో చూడ్డమే గానీ..." అని ఆగిపోయారు. మళ్ళీ అత్తగారి గురించి ఏదో అందుకోబోయారు.

"వెళ్ళాలని ఉందాండీ?"

ఆవిడ నన్నొకసారి చూసి, కుర్చీ అంచున సర్దుకున్నారు. "ఆయ్, ఉందండి" అన్నారు మెల్లగా.

"అయితే వెళ్ళిరండి" అని సంతకం పెట్టాను.