మూల గదిలో నేర్చిన వాదం

మా తెలుగు అయ్యవారు పోయారని మా ఊరు రూపనగుడి నుంచి వచ్చే బస్సు కండక్టరు చెప్పాడు. బళ్ళారిలో నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సు ఆపించి, మెట్టు మీద నిలబడే చెప్పేసి వెళ్ళిపోయాడు. ఆ పూట పిల్లలకు వాదవ్యాసం గురించే చెప్పాలి. పిల్లల ముందే ఏడ్చేశాను.

ఏడో తరగతిలో మాకు అది నేర్పింది ఆయనే. ప్రతిపాదన, కారణం, ఆధారం, ప్రతివాదం, ఖండన. ఒక్క మాటా మాకు కొరుకుడుపడేది కాదు. ఆయన నశ్యం పీలుస్తూ తేల్చేసేవారు. "నువ్వనేది ప్రతిపాదన. ఎందుకంటాండావో అది కారణం. నువ్వు చూసింది, విన్నది ఆధారం. అవతలోడు కాదనేది ప్రతివాదం. వానికి నువ్విచ్చే జవాబు ఖండన. అంతే గదప్పా!" ఎవరైనా "అందరూ అంటున్నారు" అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ, బెత్తం ముట్టింది లేదు.

ఆ ఏడు మా తరగతిని మూల గదికి మార్చారు. ప్లేగు కాలంలో రోగులను పడుకోబెట్టిన గది అది. మిట్టమధ్యాహ్నం అక్కడ ఎవరో దగ్గుతారని ఊళ్ళో అనుకునేవారు. మా నాయన తెగేసి చెప్పాడు: "ఆడపిల్లను ఆ రూములో కూచోబెట్టేది ల్యా. సదివింది సాలు."

అయ్యవారితో చెప్పుకుని ఏడ్చాను. "ఏడిస్తే ఏమొస్తాది పాపా? మీ నాయనకు వ్యాసం రాయి. ఆధారం కావల్లంటే ఆ రూములో పోయి కూచో," అన్నారు.

మరునాడు అన్నం గంట కొట్టగానే వెళ్ళాను. ఆయన బయట వసారాలో నిలబడ్డారు. ఎండ గడప దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపటికి గోడ వారన, నేల మీద నుంచి దగ్గు వినిపించింది. మూడుసార్లు, పొడిగా. నాలుగోసారి ఎవరో ఆపుకున్నట్టు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. లేచి పరుగెత్తుదామనిపించింది. అయినా మళ్ళీ గంట కొట్టేదాకా లేవలేదు.

వ్యాసంలో మాత్రం "ఏమీ వినిపించలేదు" అని రాశాను. ఆయన నా ముఖం చూసి కాగితం వెనక్కి ఇచ్చేశారు. "విన్నావు. విన్నదే రాయి. అడ్డమొచ్చే మాటను దాస్తే అది వాదం కాదు, దొంగతనం. విన్న్యాక గూడా కూచున్నావే, అదీ నీ ఆధారం."

సాయంత్రం నాయనకు చదివి వినిపించాను. దగ్గు సంగతి రాగానే బీడీ పారేశాడు.

"విని గూడా కూచున్నావా మే?"

"కూచున్నా నాయనా."

"భయం కాల్యా?"

"అయింది."

"ఏం ఇనపల్యా అనింటే అబద్దమని ఈపొద్దే మాన్పిస్తాంటి. పో, సదువుకో," అన్నాడు.

ఈనాడు నేను తినే నాలుగు మెతుకులూ అయ్యవారు పెట్టిన విద్యాభిక్షే.

మొన్న పలకరించడానికి ఊరికి వెళ్ళాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "ప్లేగులో మా అత్తను ఆ రూములోనే పండబెట్టిరంట తల్లీ. అంటుకుంటాదని ఒక్కరూ పక్కన కూచోల్యా, ఒంటిగానే పాణం ఇడిచిందంట. అప్పుడు సిన్న పిల్లోడు, ఈయప్పను గూడా లోపలికి పోనీల్యా. నువ్వు కూచున్న దినం ఇంటికొచ్చి ఏడ్చినాడు. 'మా అమ్మ కాడ ఇన్నేండ్లకు ఎవురో కూచున్న్యారు' అని."

తిరుగు బస్సుకు ఇంకా వేళ ఉంది. బడికి ఆరోజు సెలవు. మూల గది తలుపు తోసి, బెంచీ మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నమే. ఎంతసేపు విన్నా దగ్గు లేదు. గోడ వారన, ఇద్దరు నిమ్మళంగా ఊపిరి తీస్తున్న చప్పుడు.