లూదియా ఒళ్లు చేసింది

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు ఒకటుంది. శిల్పి చెక్కి వదిలిన రాతిని నునుపు చేయడం దేవదానం పని. ఆదివారం చర్చికి వెళ్తాడు, సోమవారం నరసింహస్వామి బొజ్జ అరగదీస్తాడు. సంఘంలో అందరికీ ఇదొక నవ్వులాట. అందుకే విశ్వాసం సంగతుల్లో అతని మాటకు ఇంట్లో కూడా విలువ లేదు.

భార్య లూదియాకు మెడలోని థైరాయిడ్ గడ్డ తీసేశారు. బతికినన్నాళ్లూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలని ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాడు. వేసుకునేది. 1982 ఎండాకాలంలో ఊరి బయట స్వస్థత కూటాలు జరిగాయి. లూదియా మైకు పట్టుకుని, దేవుడు తనను ముట్టాడనీ ఇక మాత్రలతో పనిలేదనీ సాక్ష్యం చెప్పింది. మరునాటి నుంచి మాత్రలు మానేసింది.

"మానొద్దని చెప్పె గదా డాక్టరు," అన్నాడు దేవదానం.

"రాతిబొమ్మలు రుద్దేటోనికి విశ్వాసం యాడ తెలుస్తాది?"

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నెలలు గడిచేకొద్దీ లూదియా ఒళ్లు చేసింది. మొహం గుండ్రమైంది. "దేవుడు కండ పెట్టినాడు సూడు," అని ఆడవాళ్లు మురిసిపోయారు. గొంతు బొంగురుపోయింది. మరుసటి ఏడు వడగాడ్పుల్లో దుప్పటి కప్పుకుంది. ఏదైనా అడిగితే జవాబు వచ్చేలోగా అడిగినవాడు వెళ్లిపోయేవాడు. అది శాంతమన్నారు.

క్రిస్మస్ తర్వాత దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున ఎంత లేపినా లేవలేదు. ఆమె అక్క దానమ్మ ఇటుకలు కాచి, గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెట్టింది. దేవదానం జీపు మాట్లాడి, ఇటుకలతో సహా, దానమ్మను వెంటబెట్టుకుని నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు.

థర్మామీటరులో పాదరసం పైకి ఎక్కనే లేదు. నాడి మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఉబ్బిన కాలిని అక్కడి డాక్టరు వేలితో నొక్కితే, మామూలు నీరువాపుకు పడే గుంట పడలేదు. కొంగు తప్పించి మెడ చూశాడు. గాటు కనిపించింది.

"ముందు ఆ ఇటుకలు తీసెయ్యండి. కాచితే రక్తపోటు పడిపోతాది. ఉత్త దుప్పటి చాలు. ఏమప్పా, ఆపరేషన్ చేసి మాత్రలు ఇచ్చింటారే?"

దానమ్మ దేవదానం చేయి గిల్లింది. "ఆయమ్మకు స్వస్థతైంది సార్," అంది.

నిజం చెబితే లూదియా సాక్ష్యం అబద్ధమని సంఘమంతటికీ తెలిసిపోతుంది. దేవదానం మంచం వైపు చూశాడు. ఆమె ఊపిరి తీసి, మళ్లీ తీయడానికి చాలా ఆలస్యం చేస్తోంది.

"మానేసింది సార్. ఏడాదిన్నర పైనే అయితాంది."

"అదే అనుకున్యా. ఆ మాత్ర లేకనే ఒళ్లు ఇట్ల ఉబ్బి, చల్లబడిపోయింది. రక్తం పరీక్షకు కర్నూలు పంపిస్తా. జవాబొచ్చేదాకా కూచుంటే మాత్రం మనిషి దక్కదు."

ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. తర్వాత మాత్రలు నూరి, నీళ్లలో కలిపి, ముక్కులో వేసిన గొట్టం గుండా పంపారు. దగ్గుకు వేరే సూదులు, ఆక్సిజన్. కొన్నాళ్లకు లూదియా కళ్లు తెరిచింది.

"మాత్రల సంగతి ఎవురు చెప్పిరి?"

"నేనే."

"నన్ను అబద్ధికురాల్ని చేస్తివి."

"చేస్తి. ఏం జేస్తావో జెయ్యి."

నర్సు మాత్ర తెచ్చింది. లూదియా చాలాసేపు దాన్ని చూసి, నోరు తెరిచింది.

అప్పటి నుంచి ఒక్క పొద్దూ తప్పలేదు. ఒళ్లు తగ్గింది. విశ్వాసం కూడా తగ్గిందా అని ఆడవాళ్లు అడిగితే బిందె తీసుకుని నీళ్లకు పోతుంది. దేవదానానికి అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది. ప్రార్థనకు మోకరించేటప్పుడు మాత్రం మునుపటిలా పిలవదు. ఆమేన్ వినిపించేదాకా అతను అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చుంటాడు.